ఎరువు సొమ్ము రాజ్యం: కాబూల్ పతనంలో కొన్ని విశేషాలు

2021 ఆగస్టు 15, ఆదివారం. మనం జెండా ఎగరేసి చాక్లెట్లు పంచుకున్న రోజే కాబూల్‌లో అధ్యక్ష భవనం మీది జెండా దిగిపోయింది. ఇరవై ఏళ్లు అమెరికా అండతో నడిచిన అఫ్గాన్ ప్రభుత్వం పోయి, అడవులూ కొండలూ పట్టి తిరిగిన తాలిబన్లు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. రన్‌వే మీద కదులుతున్న విమానం పక్కన పరుగులు తీసిన జనాన్ని టీవీల్లో అందరం చూశాం. టీవీల్లో కనిపించనివీ, కనిపించినా మనం పట్టించుకోనివీ చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఇవి.

★ తాలిబన్ల చేతికి చిక్కిన మొట్టమొదటి ప్రావిన్సు రాజధాని జరంజ్. ఇరాన్ సరిహద్దులో ఉన్న ఈ పట్టణం ఆగస్టు 6న దాదాపు ప్రతిఘటన లేకుండానే పడిపోయింది. ఆ పేరు భారతీయులకు కొత్తదేమీ కాదు. జరంజ్ నుంచి దెలారామ్ దాకా 218 కిలోమీటర్ల రహదారిని వేసింది మన బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషనే. 2009 జనవరిలో దాన్ని అఫ్గాన్ ప్రభుత్వానికి అప్పగించారు.

★ జరంజ్ మొదలు కాబూల్ దాకా పట్టింది పది రోజులు. 34 ప్రావిన్సుల్లో ఒక్క పంజ్‌షీర్ మాత్రం సెప్టెంబరు మొదటి వారం దాకా నిలిచింది.

★ అసలు దెబ్బ నగరాల మీద కాదు, అంతకుముందే చెక్‌పోస్టుల మీద పడింది. జూన్ చివర్లో తజికిస్థాన్ వైపున్న షేర్ ఖాన్ బందర్, జులై రెండో వారంలో ఇరాన్ వైపున్న ఇస్లాం ఖలా, ఆ వెంటనే పాకిస్థాన్ వైపున్న స్పిన్ బోల్దక్ తాలిబన్ల వశమయ్యాయి. సరిహద్దు పోస్టు చేతికొస్తే రోజూ లారీల మీద వచ్చే కస్టమ్స్ సుంకం కూడా చేతికొస్తుంది. అటు తిరుగుబాటుదారులకు ఆదాయం, ఇటు ప్రభుత్వానికి గండి. యుద్ధం మ్యాపులో ఎర్రచుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నవాళ్లకు ఈ సంగతి ఆలస్యంగా తట్టింది. మన ఫొటో జర్నలిస్టు, పులిట్జర్ గ్రహీత డానిష్ సిద్దిఖీ ప్రాణాలు కోల్పోయింది ఆ స్పిన్ బోల్దక్ పోరులోనే, జులై 16న.

★ అఫ్గాన్ సైన్యం 3 లక్షలు, తాలిబన్లు 75 వేలు. జులై 8న అమెరికా అధ్యక్షుడు బైడెన్ చెప్పిన లెక్క ఇది. కాగితం మీద చూస్తే నాలుగింతల బలం. ఆ కాగితమే అబద్ధమని తర్వాత అఫ్గాన్ మాజీ ఆర్థికమంత్రి ఖాలిద్ పాయెందా బయటపెట్టాడు. ఆ 3 లక్షల్లో చాలామంది ఉత్తుత్తి సైనికులేనని, అసలు సంఖ్య అందులో ఆరో వంతే ఉండొచ్చని ఆయన మాట. చనిపోయినవాళ్ల పేర్లు, పారిపోయినవాళ్ల పేర్లు, అసలు పుట్టనివాళ్ల పేర్లు హాజరు పట్టీలో అలాగే ఉంచి, జీతాలు కమాండర్లు మింగేశారు. దొంగ మస్టర్ల వ్యవహారం ఉపాధి పనుల్లో విన్నవాళ్లం మనం. ఒక దేశం తన సైన్యాన్నే ఆ పద్ధతిలో నడిపిందంటే నమ్మడానికి కాస్త టైం పడుతుంది.

★ ఉన్న అసలు సైనికులు కూడా తిండీ తూటా అందక అల్లాడారు. కాందహార్ దగ్గర ముందు వరుసలో ఉన్న పోలీసులకు ఒకరోజు రేషన్‌గా అందింది కుళ్లిన బంగాళాదుంపల పెట్టె. నెలల తరబడి జీతం రానివాళ్లు ఎందరో. జూన్‌లో ఫర్యాబ్ ప్రావిన్సులోని దౌలతాబాద్‌లో ఏరికోరి తయారుచేసిన కమాండోలు చుట్టుముట్టబడ్డారు. సాయం కోసం ఎదురుచూశారు, రాలేదు. ఇరవై మందికి పైగా అక్కడే ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త మిగతా శిబిరాల్లో ఎలాంటి పని చేసి ఉంటుందో వేరే చెప్పాలా?

★ అఫ్గాన్ పైలట్లకు, మెకానిక్కులకు తరాలుగా అలవాటైన హెలికాప్టర్ రష్యా తయారీ ఎంఐ-17. విప్పడం, బిగించడం అంతా వాళ్లకు తెలుసు. అమెరికా దాన్ని పక్కనపెట్టించి తన బ్లాక్ హాక్‌లు ఇచ్చింది. వాటిని బాగుచేయడం స్థానికులకు రాదు, విదేశీ కాంట్రాక్టర్లు కావాలి. 2021 వేసవిలో సైన్యంతోపాటు ఆ వేలాదిమంది కాంట్రాక్టర్లూ వెళ్లిపోయారు. వీడియో కాల్‌లో రిపేర్లు చెప్పించే ప్రయత్నం కూడా జరిగింది! బండి ఇచ్చి మెకానిక్‌ను తమతో తీసుకుపోయారన్నమాట.

★ దేశాన్ని అప్పగించే ఒప్పందంలో ఆ దేశ ప్రభుత్వానికి చోటు లేదు. 2020 ఫిబ్రవరి 29న దోహాలో సంతకాలు పెట్టింది ఇద్దరే: అమెరికా దూత జల్మే ఖలీల్‌జాద్, తాలిబన్ నేత ముల్లా అబ్దుల్ ఘనీ బరాదర్. కానీ 5 వేల మంది తాలిబన్ ఖైదీలను విడిచిపెట్టాల్సిన బాధ్యత మాత్రం గదిలో లేని కాబూల్ ప్రభుత్వం నెత్తిన పడింది. గొణిగింది, నసిగింది, చివరికి విడిచిపెట్టింది. నా మటుకు నాకు, కాబూల్ పడిపోయిన తేదీ ఏదంటే 2021 ఆగస్టు 15 కన్నా ఆ ఫిబ్రవరి 29నే ముందు చెబుతాను. ఆ రోజు నుంచి ప్రతి ఊళ్లో ప్రతి కమాండరూ 'రేపు ఎవరిది?' అని లెక్కలు మొదలుపెట్టాడు.

★ ఆ లెక్కల ఫలితమే చాలా పట్టణాలు కాల్పులు లేకుండా చేతులు మారడం. తాలిబన్లు ముందుగా ఊరి పెద్దలను పంపేవారు. ఆయుధాలు పెట్టి ఇంటికి పోతే ఏమీ అనబోమని చీటీ రాసిచ్చేవారు, ఒక్కోచోట దారిఖర్చులూ ఇచ్చేవారు. ఘజనీ గవర్నర్ అలా బేరం కుదుర్చుకుని బయటపడితే, తాలిబన్లు ఆయన్ని దగ్గరుండి సాగనంపారు. దారిలో సొంత ప్రభుత్వమే అరెస్టు చేసింది.

★ బాగ్రాం వైమానిక స్థావరాన్ని అమెరికన్లు జులై 1 అర్ధరాత్రి దాటాక ఖాళీ చేశారు. అక్కడ బాధ్యతలు తీసుకోవాల్సిన అఫ్గాన్ జనరల్ అసదుల్లా కోహిస్తానీకి ఆ సంగతి కొన్ని గంటల తర్వాతగానీ తెలియలేదట. కరెంటు ఆగిపోయింది, చీకట్లో దొంగలు పడ్డారు. మిగిల్చి వెళ్లిన సామాను చిట్టా 35 లక్షల వస్తువులు. అందులో వేలకొద్దీ మంచినీళ్ల సీసాలూ ఉన్నాయి.

★ ఆగస్టు రెండో వారంలో అమెరికా నిఘా అంచనా: కాబూల్ 90 రోజుల్లో పడిపోవచ్చు. ఆ వార్త పేపర్లలో వచ్చిన నాలుగైదు రోజులకే పడిపోయింది. అదే ఆగస్టు 11న అఫ్గాన్ ప్రభుత్వం తన సైన్యాధ్యక్షుణ్ని మార్చింది. దింపుడు కళ్లం ఆశ.

★ ఆ దేశానికి ఒకే రోజు ఇద్దరు అధ్యక్షులు ప్రమాణస్వీకారం చేసిన ముచ్చట తెలుసా? 2020 మార్చి 9. ఎన్నికలో నేనే గెలిచానని అష్రఫ్ ఘనీ ఒకచోట, కాదు నేనని అబ్దుల్లా అబ్దుల్లా పక్క ప్రాంగణంలో, పోటాపోటీగా ప్రమాణం చేశారు. మధ్యలో రాకెట్లు పేలిన చప్పుడు. నమోదైన ఓటర్లు 96 లక్షలకు పైమాటే. లెక్కకొచ్చిన ఓట్లు 18 లక్షలు. ఘనీకి పడ్డవి 9 లక్షల 23 వేల చిల్లర. ఆ చిల్లర మద్దతు మీద ఒక యుద్ధకాలపు ప్రభుత్వం నడవాలి.

★ అధ్యక్షుడు ఘనీ చదువుకున్నవాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రంలో డాక్టరేట్, ప్రపంచబ్యాంకులో ఉద్యోగం. 2008లో క్లేర్ లాక్‌హార్ట్‌తో కలిసి ఒక పుస్తకం కూడా రాశాడు. విషయం, కుప్పకూలిన దేశాలను బాగుచేయడం ఎలా అన్నది. విధి ఆడే వెటకారానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

★ ఆగస్టు 15 మధ్యాహ్నం ఘనీ హెలికాప్టర్ ఎక్కి ఉజ్బెకిస్థాన్‌లోని తెర్మెజ్‌కు, అక్కడి నుంచి యూఏఈకి వెళ్లిపోయాడు. వెళ్తూ 16.9 కోట్ల డాలర్లు పట్టుకుపోయాడని తజికిస్థాన్‌లోని అఫ్గాన్ రాయబారి ఆరోపించాడు. లోకం నమ్మింది. కానీ ఒక్కో నోటు గ్రాము బరువు. అంత మొత్తం 100 డాలర్ల నోట్లలో ఉన్నా 1,690 కిలోలు తూగుతుంది. మనుషులతో కిక్కిరిసిన హెలికాప్టర్లలో అదెక్కడ పట్టింది? అమెరికా తనిఖీ సంస్థ విచారించి, తీసుకెళ్లింది 10 లక్షల డాలర్లు మించలేదనీ, 5 లక్షలకు దగ్గరగా ఉండొచ్చనీ తేల్చింది. పారిపోయాడన్నది నిజం, మూటలు మాత్రం పుకారు. రెండింటినీ విడదీసి చూడాలి.

★ ఉంటే ఉరితీసేవారని ఘనీ తర్వాత చెప్పుకున్నాడు. అప్పటికి పాతికేళ్ల కిందటి ఒక శవం ఆ మాటల వెనక ఉంది.

సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరి 15న అఫ్గానిస్థాన్ వదిలి వెళ్లినప్పుడు, అక్కడ వాళ్లు నిలబెట్టిన నజీబుల్లా ప్రభుత్వం ఆర్నెల్లు కూడా ఉండదని చాలామంది జోస్యం చెప్పారు. సోవియట్లతో పోరాడిన ముజాహిదీన్లు ఆ మార్చిలోనే జలాలాబాద్ మీద విరుచుకుపడ్డారు, ఓడిపోయారు. నజీబుల్లా మూడేళ్లకు పైగా నిలిచాడు. కారణం వీరత్వం ఒక్కటే కాదు. మాస్కో నుంచి గోధుమలు, పెట్రోలు, ఆయుధాలు, నోట్ల కట్టలు వస్తూనే ఉన్నాయి. 1991 డిసెంబరులో సోవియట్ యూనియనే మాయమైంది, సాయం ఆగింది. జీతాలు అందని అబ్దుల్ రషీద్ దోస్తుమ్ సేనలు ఫిరాయించాయి. 1992 ఏప్రిల్‌లో కథ ముగిసింది. భారత్‌కు వచ్చేద్దామని నజీబుల్లా విమానాశ్రయానికి బయల్దేరితే అదే దోస్తుమ్ మనుషులు అడ్డుకున్నారు. భార్యాబిడ్డలు అప్పటికే ఢిల్లీలో ఉన్నారు. ఆయన ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో తలదాచుకుని నాలుగున్నరేళ్లు గడిపాడు. 1996 సెప్టెంబరు 27న తాలిబన్లు మొదటిసారి కాబూల్‌ను పట్టుకున్న రోజున ఆయన్ని బయటికి లాగి చంపి, కూడలిలో వేలాడదీశారు.

అటు రష్యన్లు వెళ్లాక మూడేళ్లు. ఇటు అమెరికన్ సైనికులు ఇంకా విమానాశ్రయంలో ఉండగానే సర్కారు ఖాళీ. 2021లో డబ్బు అప్పటికింకా ఆగలేదు, ఆగిపోతుందన్న నమ్మకం ఒక్కటే చాలింది.

★ ఆ నమ్మకానికి ఆధారం ఉంది. ప్రపంచబ్యాంకు లెక్కలో అఫ్గాన్ ప్రభుత్వ వ్యయంలో 75 శాతం విదేశీ సాయమే. బడికీ ఆసుపత్రికీ తుపాకీకీ తూటాకీ బయటి డబ్బే. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్న మన సామెత ఏ నగల గురించో పుట్టి ఉంటుంది గానీ, ఈ ప్రభుత్వానికి అచ్చంగా సరిపోతుంది.

★ హైరతాన్ దగ్గర అమూ దర్యా నది మీద ఒక వంతెన. పేరు స్నేహ వంతెన. 1989లో చివరి సోవియట్ దళాలతో జనరల్ గ్రోమోవ్ దాటి వెళ్లింది దాన్నే. 2021 ఆగస్టు 14న మజారే షరీఫ్ పడిపోయాక, అఫ్గాన్ సైనికులు వాహనాలతో అదే వంతెన మీద బారులుతీరి ఉజ్బెకిస్థాన్ వైపు పరుగుపెట్టారు.

★ కాబూల్‌ను ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న ఆ ఆదివారమే దోహాలో వచ్చింది. కావాలంటే నగర భద్రత మీరే చూసుకోండని బరాదర్ అమెరికా జనరల్ మెకెంజీతో అన్నాడు. మాకు విమానాశ్రయం చాలు అన్నది జవాబు. ఆ రాత్రే తాలిబన్లు అధ్యక్షుడి బల్ల వెనక కూర్చున్న దృశ్యాన్ని అల్ జజీరా చూపించింది. వాళ్ల వెనక గోడ మీద అహ్మద్ షా దుర్రానీ పట్టాభిషేకం బొమ్మ. 1747లో అఫ్గాన్ రాజ్యాన్ని స్థాపించింది ఆయనే.

★ ఆ రాత్రి కాబూల్ నుంచి ఖతార్‌కు ఎగిరిన ఒక సీ-17 రవాణా విమానంలో 823 మంది ఉన్నారు. మొదట 640 అన్నారు. ఒళ్లో కూర్చున్న 183 మంది పిల్లలను లెక్కపెట్టడం మరిచారు! ఆగస్టు 30 దాకా మొత్తం లక్షా 20 వేల మందికి పైగా బయటపడ్డారు. 26న విమానాశ్రయం గేటు దగ్గర ఐసిస్-కే ఆత్మాహుతి దాడిలో 13 మంది అమెరికా సైనికులు, దాదాపు 170 మంది అఫ్గాన్లు చనిపోయారు.

★ చిత్రమేమిటంటే, ప్రపంచంలో తొలి భారీ విమాన తరలింపు జరిగిందీ కాబూల్ నుంచే. 1928 డిసెంబరు నుంచి 1929 ఫిబ్రవరి దాకా, మంచులో, బ్రిటిష్ వాయుసేన 586 మందిని పెషావర్ వైపు చేరవేసింది. అప్పుడూ తిరుగుబాటే. సంస్కరణలు తలపెట్టిన రాజు అమానుల్లాను, నీళ్లు మోసేవాడి కొడుకు హబీబుల్లా కలకానీ తరిమేశాడు. రాజు రోల్స్ రాయిస్ కారులో కాందహార్‌కు పారిపోయాడు. కలకానీ రాజ్యం తొమ్మిది నెలలు.

★ మాజీ మంత్రులు ఏమయ్యారు? పైన చెప్పిన ఆర్థికమంత్రి పాయెందా పతనానికి ఐదు రోజుల ముందు రాజీనామా చేశాడు. 600 కోట్ల డాలర్ల బడ్జెట్ చూసిన మనిషి మరుసటి ఏడాది వాషింగ్టన్ వీధుల్లో ఉబర్ నడిపాడు. అంతకుముందే పదవి వదిలి జర్మనీ వెళ్లిన కమ్యూనికేషన్ల శాఖ మాజీ మంత్రి సయ్యద్ సాదత్, లైప్‌జిగ్‌లో సైకిల్ మీద ఇళ్లకు భోజనాలు అందించాడు. ఇద్దరి మీదా నాకు గౌరవమే కలిగింది.

★ తాలిబన్లకు దేశం చేతికొచ్చింది, ఖజానా రాలేదు. 900 కోట్ల డాలర్ల నిల్వల్లో 700 కోట్లు న్యూయార్క్‌లోనే ఉన్నాయి. అమెరికా వాటిని స్తంభింపజేసింది. బ్యాంకుల్లో ఎంత దాచుకున్నా వారానికి 200 డాలర్లకు మించి తీసుకోనివ్వలేదు. యుద్ధం ఆగినా ఆ చలికాలం ఆకలి ఆగలేదు.

★ కాబూల్‌లోకి దిగిన మొదటి రోజుల్లోనే తాలిబన్లు దోపిడీలపై ఫిర్యాదులకు వాట్సాప్ నంబర్ పెట్టారు. వాట్సాప్ కంపెనీ దాన్ని మూసేసింది.

★ కొత్త హోంమంత్రి సిరాజుద్దీన్ హక్కానీ తల మీద అమెరికా కోటి డాలర్ల బహుమతి ఉండేది. పోలీసుల మంత్రి మొహం చాలామంది పోలీసులకే తెలియదు. 2022 మార్చిలో ఒక పోలీసు శిక్షణ ముగింపు వేడుకలో తొలిసారి కెమెరాల ముందుకొచ్చాడు. 2025లో ఆ బహుమతిని ఎత్తేశారు.

★ మన చారు పోపులోకి, మాగాయలోకి వచ్చే ఇంగువకు ముడిసరుకు ఒక మొక్క వేరు నుంచి కారే పాలు. భారత్ దాన్ని ఎక్కువగా అఫ్గానిస్థాన్, ఇరాన్, ఉజ్బెకిస్థాన్‌ల నుంచే తెచ్చుకుంటుంది. మన నేల మీద పండించే ప్రయత్నం 2020 అక్టోబరులో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొదలైంది. 2021 ఆగస్టులో పాకిస్థాన్ మీదుగా వచ్చే అఫ్గాన్ సరుకు ఆగిపోగానే అంజీర్, బాదం ధరలు పెరిగాయి. వచ్చేది పండగల సీజన్ కూడా.

★ ఆ ఆగస్టులో హైదరాబాద్‌కు ఆందోళన రెండు దారుల్లో వచ్చింది. ఉస్మానియాలో చదువుకుంటున్న అఫ్గాన్ విద్యార్థుల వీసాలు, ఇంటి నుంచి రావాల్సిన డబ్బు, ఇంటివాళ్ల క్షేమం, మూడూ ఒకేసారి అనుమానంలో పడ్డాయి. రెండోది క్రికెట్. సన్‌రైజర్స్ ఆటగాళ్లు రషీద్ ఖాన్, మహమ్మద్ నబీ అప్పుడు విదేశాల్లో ఉన్నారు. మమ్మల్ని ఈ గందరగోళంలో వదిలేయకండని రషీద్ ఆగస్టు 10నే ప్రపంచ నేతలను వేడుకున్నాడు. అయినా సెప్టెంబరులో ఇద్దరూ యూఏఈ వచ్చి ఆరెంజ్ జెర్సీ వేసుకున్నారు. అక్టోబరు 25న షార్జాలో టీ20 ప్రపంచకప్‌లో అఫ్గాన్ జట్టు తొలి మ్యాచ్, స్కాట్లాండ్ మీద. కూలిపోయిన రిపబ్లిక్ జాతీయగీతం మోగుతుంటే కెప్టెన్ నబీ కళ్లు తుడుచుకున్నాడు. ఆ మ్యాచ్ 130 పరుగుల తేడాతో గెలిచారు. ఇప్పటికీ ఐసీసీ టోర్నీల్లో ఆ జట్టు ముందు ఎగిరేది పాత నలుపు, ఎరుపు, ఆకుపచ్చ జెండానే.

★ ఐక్యరాజ్యసమితిలోనూ ఆ దేశం కుర్చీ పాత ప్రభుత్వ ప్రతినిధి దగ్గరే ఉండిపోయింది. తాలిబన్ సర్కారును మొట్టమొదట అధికారికంగా గుర్తించిన దేశం రష్యా, 2025 జులైలో. అంటే అక్కడ ఒకప్పుడు ముజాహిదీన్ల చేతిలో దెబ్బతిని వెళ్లిన దేశమే! అదే అక్టోబరులో తాలిబన్ విదేశాంగమంత్రి ముత్తాఖీ ఢిల్లీ వచ్చాడు. గుర్తింపు ఇవ్వకుండానే భారత్ కాబూల్‌లోని తన కార్యాలయాన్ని మళ్లీ రాయబార కార్యాలయం స్థాయికి పెంచింది.

★ గెలిచినవాళ్లు సుఖపడ్డారా అంటే, అదో తమాషా. కాబూల్‌లో ఉద్యోగాల్లో చేరిన కొందరు మాజీ పోరాటగాళ్లను అఫ్గానిస్థాన్ అనలిస్ట్స్ నెట్‌వర్క్ పరిశోధకులు పలకరించి 2023లో ప్రచురించారు. ట్రాఫిక్ చంపేస్తోందట, ఇంటి అద్దెలు భరించలేకున్నారట, పొద్దున్నే ఆఫీసుకు రాకపోతే గైర్హాజరు వేస్తున్నారట. కొండల్లో ఉన్నప్పుడే హాయిగా ఉందని ఒకరిద్దరు వాపోయారు.

★ 2022 ఏప్రిల్‌లో నల్లమందు సాగును నిషేధించారు. ఏడాదిలో సాగు 95 శాతం పడిపోయిందని ఐక్యరాజ్యసమితి లెక్క. ఇరవై ఏళ్లలో అమెరికా సాధించలేనిది. దానికి బదులు ఏం పండించాలో మాత్రం రైతుకు చెప్పినవాళ్లు లేరు.

★ ఆగస్టు 17న టోలో టీవీ స్టూడియోలో ఒక తాలిబన్ ప్రతినిధిని మహిళా యాంకర్ బెహెష్తా అర్ఘంద్ ఇంటర్వ్యూ చేసింది. కాలం మారిందని ప్రపంచం మురిసింది. నెల తిరక్కముందే ఆమె దేశం విడిచి వెళ్లింది. సెప్టెంబరులో మహిళా వ్యవహారాల శాఖ బోర్డు తీసేసి, ఆ భవనాన్ని నీతినియమాల శాఖకు ఇచ్చారు. 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరిచారు. బ్యాగులు సర్దుకుని వచ్చిన ఆడపిల్లలను కొన్ని గంటల్లోనే ఇళ్లకు పంపేశారు. డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులూ మూశారు. ఆరో తరగతి తర్వాత ఆడపిల్లకు చదువు నిషేధించిన దేశం ఈ రోజు ప్రపంచంలో అదొక్కటే.